యాసిడ్ ప్లాంటును ఆపే అధికారం ఎవరిది?

సల్ఫ్యూరిక్ యాసిడ్ ప్లాంటు కంట్రోల్ రూమ్‌లో అందరి కళ్లూ ఫర్నేస్ ఉష్ణోగ్రత మీదే ఉంటాయని బయటివాళ్లు అనుకుంటారు. నాలుగేళ్లు ఆ కుర్చీలో కూర్చున్న షిఫ్ట్ ఇన్‌ఛార్జిని అడిగితే ఇంకో అంకె చూపిస్తాడు. అది యాసిడ్‌ను చల్లార్చే కూలర్ నుంచి బయటికొచ్చే నీటి పీహెచ్. నీళ్లలో ఆమ్లం కలిసినకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. రోజుల తరబడి ఏడున్నర దగ్గర కదలకుండా ఉండే ఆ అంకె అర్ధరాత్రి దాటాక 6.8కి, కాసేపటికి 6కి జారిందనుకుందాం. మీటరే తప్పు చూపిస్తోందేమోనని ముందు అనుమానిస్తారు. ఒకర్ని పంపి సీసాలో శాంపిల్ పట్టిస్తారు. ల్యాబ్ కూడా అదే మాట చెబితే ఇక సందేహం లేదు. కూలర్ లోపలి వందల ట్యూబుల్లో ఏదో ఒకదానికి చిల్లు పడింది.

చిల్లు సూదిమొనంతే ఉండొచ్చు. కానీ ఈ యాసిడ్ గుణమే వేరు. 98 శాతం గాఢతలో ఉన్నప్పుడు అది ఇనుముతో దాదాపు సఖ్యంగా ఉంటుంది. లోహం మీద ఐరన్ సల్ఫేట్ పలచటి పొరలా ఏర్పడి, అదే కాపలా కాస్తుంది. అందుకే వేల టన్నుల యాసిడ్‌ను మామూలు ఇనుప ట్యాంకుల్లో నిలవ ఉంచగలుగుతున్నారు. అదే యాసిడ్‌లో నీళ్లు కలిస్తే భగ్గున వేడెక్కుతుంది, పలచబడుతుంది, లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. తింటూ హైడ్రోజన్ వదులుతుంది. సూదిమొనంత చిల్లు తెల్లారేసరికి వేలు పట్టేంత కావచ్చు.

ప్లాంటు ఆపితే కూలర్ ఖాళీ చేసి, ఆ ట్యూబు వెతికి బిరడా కొట్టి, మళ్లీ మొదలుపెట్టడానికి ఒకటి రెండు రోజులు పోతాయి. పెద్ద ప్లాంటులో రెండు రోజులంటే మూడు వేల టన్నుల యాసిడ్. ఆ యాసిడ్ కోసం పక్కనే ఎదురుచూసే ఫాస్ఫారిక్ యాసిడ్ ప్లాంటు, దాని వెనక ఎరువుల ప్లాంటు కూడా మెల్లగా ఆగిపోతాయి. ఆపకపోతే కూలరే పోవచ్చు, పైపు పగలొచ్చు, మనిషి మీద పడొచ్చు. రాత్రి రెండింటికి 'ఆపేయండి' అనే మాట ఎవరు అనగలరు? షిఫ్ట్ ఇన్‌ఛార్జా, ప్లాంటు మేనేజరా, ఇంకో ఊళ్లో నిద్రపోతున్న డైరెక్టరా? యాజమాన్యం అనగానే షేర్లూ వాటాలూ గుర్తొస్తాయి. ఈ పరిశ్రమలో మాత్రం ఆ ఫోన్ ఎవరికి వెళ్తుంది, ఆ మాట ఎవరి నోట్లోంచి వస్తుంది అన్నదే యాజమాన్యానికి అసలైన పరీక్ష.

పచ్చటి రాయి నుంచి పాకం దాకా

యాసిడ్ అనగానే బాత్రూమ్ కడిగే సీసా గుర్తొస్తుంది. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్. సల్ఫ్యూరిక్ యాసిడ్ మన ఇళ్లలో కనిపించేది ఇన్వర్టర్ బ్యాటరీలో, అదీ బాగా పలచన చేసి. కానీ తయారైన దాంట్లో పెద్ద వాటా వెళ్లేది ఎరువులకు. రాక్ ఫాస్ఫేట్‌ను కరిగించి అందులోని భాస్వరాన్ని మొక్క తీసుకోగలిగే రూపానికి తేవాలంటే ఈ యాసిడ్ కావాలి. డీఏపీ బస్తా కోసం సొసైటీ దగ్గర లైనులో నిలబడే రైతుకు కనిపించదు గానీ, ఆ బస్తా వెనక బస్తాను మించిన బరువు యాసిడ్ ఉంటుంది.

తయారీకి మూలం గంధకం, అంటే సల్ఫర్. ఒకప్పుడు గనుల నుంచి తవ్వేవారు. ఇప్పుడు ఎక్కువగా చమురు శుద్ధి కర్మాగారాల నుంచి, గ్యాస్ ప్లాంట్ల నుంచి వస్తుంది. మన దేశానికి గల్ఫ్ దేశాల నుంచి ఓడల్లో దిగుతుంది. పసుపుపచ్చటి గుట్టలా పోసిన ఆ సరుకును ఆవిరి గొట్టాలున్న తొట్టిలో కరిగిస్తారు. సుమారు 119 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 130 నుంచి 150 మధ్య నీళ్లలా పారుతుంది. ఇంకాస్త వేడి చేస్తే ఇంకా పలచనవుతుందనుకుంటే పొరపాటే. 160 దాటగానే బెల్లం పాకంలా ముదిరి పంపులో ఇరుక్కుంటుంది. గంధకం అణువులు ఎనిమిదేసి పరమాణువుల ఉంగరాలు. ఆ వేడికి ఉంగరాలు తెగి, ఒకదానికొకటి ముడిపడి పొడవాటి దారాలవుతాయి. అందుకే సల్ఫర్ లైన్ల చుట్టూ తిరిగే ఆవిరి ఒత్తిడిని ఒక గీత దాటనివ్వరు. కొత్తగా చేరిన ఆపరేటర్‌కు మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి.

కరిగిన గంధకాన్ని పూర్తిగా ఆరబెట్టిన గాలిలో మండిస్తారు. ఫర్నేస్ అద్దంలోంచి చూస్తే లోపల వెయ్యి డిగ్రీలకు పైన వెలుగు. గంధకం సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు అదే. ఆ వాయువును బాయిలర్ గుండా పంపి 420 డిగ్రీలకు చల్లార్చి, కన్వర్టర్‌లోకి వదులుతారు. కన్వర్టర్ అంటే అంతస్తుల భవనం లాంటిది. ఒక్కో అంతస్తులో వెనేడియం పెంటాక్సైడ్ క్యాటలిస్టును, అంటే చర్యను వేగిరపరిచే పదార్థాన్ని, పరుపులా పరుస్తారు. దాని మీదుగా పోతూ డయాక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసి సల్ఫర్ ట్రయాక్సైడ్ అవుతుంది. మొదటి పరుపు దాటేసరికే ఉష్ణోగ్రత 600 దాటుతుంది. చిక్కు ఏమిటంటే వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది, కానీ తయారైన సల్ఫర్ ట్రయాక్సైడ్ వెనక్కి విడిపోవడమూ పెరుగుతుంది. వేడి తగ్గితే క్యాటలిస్టు పని చేయడం మానేస్తుంది. అందుకే ప్రతి పరుపు తర్వాతా చల్లార్చి మళ్లీ పంపడం.

చివర్లో ఆ ట్రయాక్సైడ్‌ను నీళ్లలో కలిపితే యాసిడ్ వచ్చేస్తుంది కదా అని ఇంటర్మీడియట్ పుస్తకం చదివినవాళ్లు అంటారు. నేరుగా నీళ్లలోకి పంపితే వచ్చేది దేనికీ పట్టుబడని తెల్లటి పొగమంచు. అందుకని 98.5 శాతం యాసిడ్‌లోకే దాన్ని పీల్పించి, గాఢత పెరిగినకొద్దీ లెక్కగా నీళ్లు చేరుస్తూ పోతారు. స్టాక్, అంటే పొగగొట్టం, పైన తెల్లటి తోక చిక్కగా కనిపించిందంటే ఈ పీల్పించే టవర్‌లో గాఢతో ఉష్ణోగ్రతో తప్పిందని, లేదా గాలి సరిగ్గా ఆరలేదని అనుమానించాలి. మంచి ప్లాంటు స్టాక్ దాదాపు ఖాళీగా కనిపిస్తుంది.

1960లలో జర్మన్ కంపెనీ బేయర్ ఒక మార్పు తెచ్చింది. మూడో పరుపు తర్వాతే ఒకసారి ట్రయాక్సైడ్‌ను తీసేసి, మిగిలిన వాయువును మళ్లీ వేడి చేసి నాలుగో పరుపులోకి పంపడం. దీన్నే డబుల్ అబ్జార్ప్షన్ అంటారు. ఎంత తేడా వస్తుందో ఒక చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. రోజుకు 1,650 టన్నుల యాసిడ్ తీసే ప్లాంటులో దాదాపు 1,080 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ తయారవుతుంది. పాత పద్ధతిలో 98 శాతం మారితే రోజుకు 21 టన్నులకు పైగా గాల్లోకి పోతుంది. కొత్త పద్ధతిలో 99.7 శాతం మారితే పోయేది 3 టన్నులకు కాస్త ఎక్కువ. శాతాల్లో రెండు పాయింట్ల లోపు తేడా, చుట్టుపక్కల కాలనీ ముక్కుకు మాత్రం ఏడు రెట్ల తేడా.

ఈ లెక్కలన్నీ ప్లాంటు నిలకడగా నడుస్తున్నప్పుడే. చాలా రోజులు ఆగి మళ్లీ మొదలైనప్పుడు క్యాటలిస్టు చల్లగా ఉంటుంది. ముందుగా వేడి గాలితో పరుపులన్నీ వేడి చేయాలి. తొందరపడి గంధకం మండించేస్తే మారని వాయువు నేరుగా స్టాక్‌లోంచి పోతుంది. కొన్ని గంటల ఆపుదలైతే పరుపుల్లో వేడి నిలిచే ఉంటుంది, ఇబ్బంది తక్కువ. అంటే ఆపడం ఎంత ఆలస్యమై, పాడైనది ఎంత పెద్దదైతే, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఊరికి తగిలే ఘాటు కూడా అంత పెరుగుతుంది. పీహెచ్ అంకె జారిన రాత్రి వెంటనే ఆపగలిగిన ప్లాంటు పొరుగువాళ్లకూ మేలు చేస్తుంది.

ఆవిరి ఎటు వెళ్తే వాటాలు అటు

గంధకం మండటం, డయాక్సైడ్ ట్రయాక్సైడ్ కావడం, అది యాసిడ్‌లో కలవడం, మూడు దశల్లోనూ వేడే పుడుతుంది. టన్ను యాసిడ్‌కు టన్నుకు పైగానే అధిక ఒత్తిడి ఆవిరి చేతికొస్తుంది. యాసిడ్ ప్లాంటును బొగ్గు లేకుండా నడిచే పవర్ హౌస్ అని ఇంజినీర్లు సరదాగా అంటారు, అందులో అతిశయోక్తి పెద్దగా లేదు. ఆ ఆవిరితో టర్బైన్ తిప్పొచ్చు, ఫాస్ఫారిక్ యాసిడ్‌ను చిక్కబరచొచ్చు. ఒక్క షరతు, ఆవిరిని వాడుకునేవాడు గోడ పక్కనే ఉండాలి. దాన్ని లారీలో పంపలేం.

యాసిడ్‌ను పంపొచ్చు, కానీ దానికీ హద్దుంది. బరువు ఎక్కువ, ధర తక్కువ, ప్రమాదం జాస్తి. కొన్ని వందల కిలోమీటర్లు దాటితే రవాణా ఖర్చే ధరను మింగేస్తుంది. ఎక్కువ రోజుల ఉత్పత్తిని ట్యాంకుల్లో నిలవ ఉంచడమూ కష్టం. ఇలాంటి సరుకును తయారుచేసేవాడు, వాడేవాడు వేర్వేరు కంపెనీలైతే ఇద్దరూ ఒకరి మెడకు ఒకరు ఉరే. అందుకే పెద్ద యాసిడ్ ప్లాంట్లలో చాలావరకు ఎరువుల కంపెనీల సొంతమై ఉంటాయి, లేదా రాగి, జింకు కరిగించే స్మెల్టర్లకు తోకలా ఉంటాయి.

విశాఖలో ఈ రెండు రకాలూ కనిపించాయి. శ్రీహరిపురంలోని కోరమాండల్ ఎరువుల కర్మాగారం మొదటిది. 1961లో ఏర్పడిన ఆ కంపెనీలో చెన్నైకి చెందిన ఈఐడీ ప్యారీతో పాటు అమెరికన్ కంపెనీలు ఐఎంసీ, షెవ్రాన్ భాగస్వాములు. 1967లో కర్మాగారం మొదలైంది. 1981లో ప్యారీ మురుగప్ప గ్రూపు చేతికి వచ్చింది. క్రమంగా అమెరికన్లు తప్పుకున్నారు. గ్రోమోర్ అనే ఎరువు పేరు మాత్రం రైతు నోట్లో అలాగే ఉండిపోయింది. 2023లో అక్కడే రోజుకు 1,650 టన్నుల కొత్త సల్ఫ్యూరిక్ యాసిడ్ ప్లాంటు ప్రారంభమైంది. పెట్టుబడి సుమారు 400 కోట్లు. దానికి రోజుకు 540 టన్నుల గంధకం కావాలి, అంటే ఇరవై టన్నుల లారీలు ఇరవై ఏడు. ఓడరేవు పక్కన ఉండటం ఎందుకంత విలువైనదో ఈ ఒక్క అంకె చెబుతుంది.

అంత డబ్బు ఎందుకు పెట్టారన్నదానికి జవాబు 2008లో దొరుకుతుంది. ఆ ఏడాది మధ్యలో గంధకం ధర టన్ను 800 డాలర్ల దరిదాపులకు వెళ్లి, ఏడాది ముగిసేలోగా 100 లోపుకు కూలింది. తయారైన యాసిడ్ కొనుక్కునేవాళ్లు ఆ ఊపులో అటూ ఇటూ కొట్టుకుపోయారు. సొంత ప్లాంటు ఉన్నంత మాత్రాన ముడిసరుకు ధర తగ్గదు. కానీ ఆవిరి, కరెంటు చేతికొస్తాయి, మధ్యవాడి లాభం మిగులుతుంది, అన్నింటికీ మించి 'ఈ నెల యాసిడ్ లేదు' అనే మాట వినాల్సిన పని తప్పుతుంది. అదే ఆలోచనతో ఆ కంపెనీ 2022లో సెనెగల్‌లో రాక్ ఫాస్ఫేట్ గనిలో వాటా కొంది. కాకినాడలో ఒకప్పుడు రాష్ట్ర ప్రభుత్వం, ఇఫ్కో కలిసి పెట్టిన గోదావరి ఫెర్టిలైజర్స్‌ను 2003 నుంచి చేతికి తీసుకున్నది కూడా ఈ కంపెనీయే. తర్వాత అక్కడా సొంత ఫాస్ఫారిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్ ప్లాంట్లు కట్టడానికి పూనుకుంది.

రెండో రకం మింది దగ్గరి హిందుస్థాన్ జింక్. అక్కడ యాసిడ్ సరదాకో లాభానికో చేసింది కాదు. జింకు ఖనిజంలో గంధకం ఉంటుంది, వేయిస్తే డయాక్సైడ్ వస్తుంది, దాన్ని గాల్లోకి వదలకూడదు కాబట్టి యాసిడ్ చేయాలి. ఇలాంటి చోట మార్కెట్ లెక్క తలకిందులవుతుంది. యాసిడ్ కొనేవాడు దొరక్కపోయినా ఉత్పత్తి ఆపలేరు, ఆపితే స్మెల్టరే ఆపాలి. ట్యాంకులు నిండిపోతుంటే ఎదురు డబ్బిచ్చి పంపించిన సందర్భాలు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. కేంద్రం 2002లో హిందుస్థాన్ జింక్‌లో 26 శాతం వాటాను, దాంతో పాటు పెత్తనాన్ని స్టెరిలైట్ అనే ప్రైవేటు కంపెనీకి అమ్మింది. పదేళ్లకు, 2012లో, విశాఖ స్మెల్టర్ ఆగిపోయింది. ఒక ప్లాంటు బతుకు దాని సొంత లాభనష్టాల మీద ఆధారపడకుండా, ఎక్కడో రాజస్థాన్ గనులకు ఏ స్మెల్టర్ దగ్గర అన్న లెక్క మీద తేలిపోవడం ఈ రకం యాజమాన్యంలో మామూలే.

యాసిడ్ ప్లాంటుకు ఇంకో కనపడని యజమాని ఉంటాడు, డిజైన్ హక్కులున్నవాడు. ప్రపంచంలో పెద్ద వాటా ఉన్న మెక్స్ అనే సంస్థ ఒకప్పుడు మాన్‌శాంటోలో భాగం. తర్వాత విడిపోయింది, 2011లో డ్యూపాంట్ కొంది, మరో పదేళ్లకు దాన్ని అమ్మేస్తే ఎలెసెంట్ అనే కొత్త పేరు కింద చేరింది. ప్లాంటు నలభై ఏళ్లు నడుస్తుంది. ఆ నలభై ఏళ్లలో క్యాటలిస్టు గురించి, టవర్ లోపలి ఇటుక గురించి అడగడానికి ఫోన్ చేస్తే అవతల పలికే కంపెనీ పేరు నాలుగుసార్లు మారొచ్చు.

ఢిల్లీ తీర్పు నేర్పినది

1985 డిసెంబరు 4. ఢిల్లీలో జనం కిక్కిరిసిన ప్రాంతం మధ్య శ్రీరామ్ ఫుడ్స్ అండ్ ఫర్టిలైజర్స్ కర్మాగారం. అందులో సల్ఫ్యూరిక్ యాసిడ్ ప్లాంటు కూడా ఉంది. ఓలియం, అంటే ట్రయాక్సైడ్ అదనంగా కరిగిన యాసిడ్, నింపిన ట్యాంకు కింది నిర్మాణం కూలింది. ట్యాంకు పగిలి తెల్లటి మేఘం బయటికొచ్చింది. తీస్ హజారీ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక న్యాయవాది చనిపోయారని కోర్టు ముందుకు వచ్చింది. రెండు రోజులకే, 6న, పైపు జాయింటు దగ్గర మరో చిన్న లీకు. భోపాల్ జరిగి సరిగ్గా ఏడాది. కర్మాగారానికి మూడు కిలోమీటర్ల పరిధిలో దాదాపు రెండు లక్షల మంది ఉంటున్నారు.

ఇక్కడ రసాయన శాస్త్రం పెద్దగా లేదు. ట్యాంకు కాళ్లు తుప్పు పట్టాయా, ఎవరు తనిఖీ చేశారు, ఎవరు రిపోర్టు రాశారు, రాస్తే ఎవరి టేబుల్ మీద ఆగింది, ఇవన్నీ నిర్వహణ ప్రశ్నలు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని రాజ్యాంగ ధర్మాసనం 1986 డిసెంబరు 20న ఇచ్చిన తీర్పు వీటన్నింటినీ ఒక్క దెబ్బతో పక్కన పెట్టింది. ప్రమాదకరమైన పని చేసి లాభం పొందే సంస్థ, దానివల్ల ఎవరికి హాని జరిగినా పూర్తి బాధ్యురాలే. జాగ్రత్తలు తీసుకున్నాం, మూడోవాడు చేశాడు, దేవుడి లీల లాంటి మినహాయింపులు ఏవీ చెల్లవు. ఇలాంటి హానికి యజమానే బాధ్యుడంటూనే మినహాయింపులిచ్చిన 1868 నాటి ఇంగ్లండు తీర్పులోని ఆ మినహాయింపులు మన దేశానికి అవసరం లేదని కోర్టు తేల్చేసింది. పరిహారం కూడా సంస్థ ఎంత పెద్దదో, ఎంత స్తోమత ఉందో చూసి వేయాలంది.

ఇంత గొప్ప సూత్రం చెప్పిన తీర్పు ఆ ఓలియం బాధితులకు మాత్రం అదే చేత్తో డబ్బు ఇప్పించలేదు. ఢిల్లీ లీగల్ ఎయిడ్ బోర్డు రెండు నెలల్లో మామూలు కోర్టుల్లో దావాలు వేయాలని చెప్పి వదిలేసింది. తీర్పును పొగిడేవాళ్లు ఈ సంగతిని ఎక్కువగా దాటేస్తారు.

ఆచరణలో ఎక్కువ భయపెట్టింది అంతకు పది నెలల ముందు, 1986 ఫిబ్రవరిలో, అదే కర్మాగారంలోని క్లోరిన్ విభాగం మళ్లీ నడపడానికి పెట్టిన షరతు. వాయువు లీకై ఎవరైనా చనిపోతే వ్యక్తిగతంగా బాధ్యత వహిస్తామని చైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ రాసివ్వాలి. కంపెనీ వాళ్లు గగ్గోలు పెడితే మార్చిలో కొంత సడలించారు. కానీ ఆలోచన నాటుకుంది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు కంపెనీకి చెందిన కర్మాగారంలో 'ఆక్యుపయర్', అంటే చట్టం ముందు కర్మాగారానికి జవాబుదారీ అయిన వ్యక్తి, డైరెక్టర్లలో ఒకరే అని రాశారు. అప్పటిదాకా చాలా కంపెనీలు ఏ జనరల్ మేనేజర్ పేరో రాసి చేతులు దులుపుకునేవి. సుప్రీంకోర్టు 1996లో ఆ సవరణ సబబేనంది. జీతానికి పనిచేసే అధికారి పేరు రాస్తే కుదరదు, బోర్డులో కూర్చునేవాడి పేరే రాయాలి. రాత్రి రెండింటి ఫోన్‌కూ ఈ సవరణకూ సంబంధం ఉంది. మేనేజర్ ఆపడానికి వెనకాడితే జైలు భయం డైరెక్టర్‌కు ఉంటుంది. అందుకని బుద్ధి ఉన్న కంపెనీల్లో ఆపే అధికారం రాతపూర్వకంగా షిఫ్ట్ ఇన్‌ఛార్జి చేతికే ఇస్తారు, ఆపినందుకు తర్వాత సంజాయిషీ అడగబోమని కూడా రాస్తారు. కాగితం మీద రాయడం తేలిక. మూడు నెలల్లో రెండుసార్లు అనవసరంగా ఆపినవాడికి ఆ ఏడాది ఇంక్రిమెంట్ ఎలా వచ్చిందో చూస్తే ఆ కాగితం విలువ తెలుస్తుంది.

ప్రభుత్వ కర్మాగారాలకు ఇందులో వేరే దారి ఉంది. అక్కడ ఆక్యుపయర్ అంటే నడపడానికి నియమితుడైన వ్యక్తి. మంత్రీ కాదు, కార్యదర్శీ కాదు. యాజమాన్యం ప్రభుత్వానిదైతే భద్రత దానంతటదే వస్తుందనుకునేవాళ్లు ఈ తేడాను గమనించాలి.

యాజమాన్యాన్ని ముక్కలు చేసి బాధ్యత తప్పించుకునే ఎత్తు కూడా కోర్టుల ముందుకు వచ్చింది. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్‌డీ అనే ఊరు. ఒకే ఆవరణలో ఓలియం, సూపర్ ఫాస్ఫేట్ చేసే కంపెనీ ఒకటి, హెచ్-యాసిడ్ అనే రంగుల రసాయనం చేసే కంపెనీలు వేరే పేర్లతో. అన్నీ ఒకే కుటుంబం చేతిలో ఉన్నవే. బావుల్లో నీళ్లు రంగు మారాయి, పొలాలు పోయాయి. 1996 ఫిబ్రవరిలో ఆ తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. కంపెనీలు వేరైనా నడిపించే చేయి ఒకటేనని, శ్రీరామ్ కేసులో చెప్పినది ఊరికే అన్న మాట కాదు, దేశానికి వర్తించే చట్టమని, పాడుచేసిన నేలను బాగుచేసే ఖర్చు కూడా పాడుచేసినవాళ్లదేనని ఆయన రాశారు. ఆ ఖర్చు 37 కోట్లకు పైగా తేలింది. కట్టించడానికి మాత్రం ఇంకా పదిహేనేళ్లు కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. 2011లో చక్రవడ్డీతో సహా కట్టమని మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

తాళం వేసిన ట్యాంకు

తూత్తుకుడి కథ అందరికీ ఒక కోణంలోనే తెలుసు. స్టెరిలైట్ రాగి స్మెల్టర్, ఏడాదికి 4 లక్షల టన్నుల రాగి, దాంతో పాటే సుమారు 12 లక్షల టన్నుల సల్ఫ్యూరిక్ యాసిడ్. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కంపెనీ మీద 100 కోట్ల పరిహారం వేసింది. ఆ అంకె ఎలా వచ్చిందంటే, వార్షిక నివేదికలో వెయ్యి కోట్లు దాటిన లాభం చూసి, అంతకు తక్కువైతే చురుకు తగలదని. శ్రీరామ్ తీర్పులోని 'స్తోమతను బట్టి' అన్న మాట ఇరవై ఏడేళ్లకు ఇలా రూపాయల్లోకి మారింది. 2018 మే 22, 23 తేదీల్లో నిరసనకారులపై పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారు. 28న రాష్ట్ర ప్రభుత్వం ప్లాంటును శాశ్వతంగా మూసేయమంది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కంపెనీ పిటిషన్‌ను కొట్టేసింది.

మూసివేతకు మూడు వారాల తర్వాత జరిగినదాన్ని మాత్రం చాలామంది మర్చిపోయారు. 2018 జూన్ మధ్యలో తాళం వేసిన ఆవరణలోని యాసిడ్ నిలవ ట్యాంకు దగ్గర లీకు బయటపడింది. జిల్లా యంత్రాంగం హడావుడిగా ట్యాంకర్లు రప్పించి యాసిడ్ తోడించాల్సి వచ్చింది. ప్లాంటు ఆగింది కాబట్టి ప్రమాదం ఆగిందనుకున్నారు. యాసిడ్‌కు ఆ సంగతి తెలియదు. నిలవ ట్యాంకులోకి గాలిగొట్టం ద్వారా తేమ వెళ్తుంది, పైపొర పలచబడుతుంది, అక్కడ ఇనుము కరుగుతుంది, పైకప్పు కింద హైడ్రోజన్ చేరుతుంది. ఖాళీ అయిందనుకున్న ట్యాంకు మీద వెల్డింగ్ పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఈ పరిశ్రమ చరిత్రలో తక్కువ మంది కాదు. రోజూ ట్యాంకు చుట్టూ తిరిగి ఫ్లాంజులు, అంటే గొట్టాల అతుకులు, చూసే మనిషి కావాలి. ఆస్తి కంపెనీది, తాళం కలెక్టరుది, కరెంటు కోసేశారు, లోపలికి వెళ్లే హక్కు ఎవరికి ఉందన్నది కోర్టులో ఉంది. ఆ కొద్ది వారాలు ఆ ట్యాంకుకు యజమాని ఉన్నాడు గానీ చూసుకునేవాడు లేడు.

ప్లాంటు మూసివేత సరైనదా కాదా అన్నది వేరే చర్చ. మూసేయమన్న ఉత్తర్వులో ముందు ట్యాంకులు, గొట్టాలు ఖాళీ చేయడానికి ఇన్ని రోజులు, ఆ పని చేసే సిబ్బంది ఇంతమంది, కరెంటు ఎవరిస్తారు అన్న మూడు వాక్యాలు ఉండాలన్నది చర్చకు తావులేని విషయం. విశాఖ దీన్ని రెండేళ్లకే ఇంకో రసాయనంతో అనుభవించింది. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చినప్పుడు ఆ ప్లాంటు లాక్‌డౌన్‌లో ఆగి ఉంది. నడుస్తున్న యంత్రం నుంచి కాదు, నిలవ ఉన్న ట్యాంకు నుంచి వచ్చింది ఆవిరి. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా పుట్టిన ఆ కర్మాగారం 1997లో కొరియా కంపెనీ చేతికి వెళ్లింది. వాటాలు చేతులు మారినప్పుడు ఒప్పందంలో స్థలం, యంత్రాలు, అప్పులు, కేసులు అన్నీ రాసుకుంటారు. ఏ ట్యాంకును ఎవరు ఎన్ని గంటలకోసారి చూడాలన్నది ఆ కాగితాల్లో ఉండదు. అది షిఫ్ట్ లాగ్‌బుక్‌లో ఉంటుంది, ఉంటే.

యాసిడ్ ప్లాంటు కొనేవాళ్లు, నడపడానికి కాంట్రాక్టుకు తీసుకునేవాళ్లు ఇప్పుడిప్పుడే అడగడం నేర్చుకుంటున్న ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. క్యాటలిస్టును చివరిసారి ఎప్పుడు జల్లెడ పట్టారు? ట్యాంకు అడుగు మందం చివరిసారి ఎప్పుడు కొలిచారు, ఎంత వచ్చింది? కూలర్‌లో ఇప్పటికే ఎన్ని ట్యూబులకు బిరడాలు కొట్టి ఉన్నాయి? యజమాని ఖర్చు పెట్టాలి, నడిపేవాడు టన్నులు చూపించాలి అని ఒప్పందం రాసుకున్న చోట ఈ మూడూ వాయిదా పడతాయి. టన్ను లెక్కన డబ్బు తీసుకునే కాంట్రాక్టర్‌కు షట్‌డౌన్ అంటే నష్టం. కొత్త కూలర్ కొనాల్సిన యజమానికి అది ఖర్చు. ఇద్దరికీ మధ్య పీహెచ్ మీటర్ ఒక్కటే ఎవరి పక్షమూ వహించకుండా ఉంటుంది. దాన్ని వారానికోసారి సరిచూసే ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ ఎక్కువ చోట్ల కాంట్రాక్ట్ కార్మికుడే.